స్పెషల్ గేరు

మామిడితోట బురదలో దిగబడిపోయిన మా పాత జీపులో, ఇవాళ ఆ పొట్టి గేరు రాడ్డు పట్టుకుని లాగాను. నాలుగు చక్రాలూ కలిసి లాగాలంటే అదే వెయ్యాలి. కదిలితేగా! తుప్పు పట్టి బిగుసుకుపోయింది.

గుర్తుందా ఫ్రెండ్స్? చిన్నప్పుడు మనం వినగడప ఊరి నుంచి కాయల బుట్టల మీద కూర్చుని వస్తూ ఆ రాడ్డు మీద చెయ్యేస్తే నాన్న అరిచేవాడు. "ఒరేయ్, అది స్పెషల్ గేరు! వాడితే అరిగిపోద్ది, ముట్టుకోమాకండి!" అమ్మ షోకేసులో పింగాణీ కప్పుల్లాగే అదీ దాచుకునే వస్తువే.

"జీపు ముసలిదైపోయిందిరా, పాత ఇనుము కింద తూకానికి ఇచ్చేద్దాం," అన్నాడు ఇవాళ నాన్న.

"ముసలిదై కాదు నాన్నా, వాడక పాడైంది! అమ్మనివ్వను. విప్పించి బాగుచేయిస్తా, వారం వారం ఆ గేరు వేస్తా. వస్తువున్నది వాడటానికా, పూజకా?"

అదే కోపంతో ఇంటికొచ్చి, షోకేసులో కప్పు తీసి టీ పోసుకున్నాను.

"అది చుట్టాలకిరా!" అంది అమ్మ.