బోర్లించిన పిడికిలి కుండలు

పొద్దున్నే మా అవ్వ ఇసురాయి ముందు కూర్చునేది... మా చిన్నప్పుడు పుంగనూరులో తెల్లవారిందంటే అదే గుర్తు. చేటలో రాగులు పోసుకుని, రాయి తిప్పకముందే ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేది. అది పిడికిలి కుండ. దేవుడి వాటా. మాకు సంగటి చాలినా చాలకపోయినా ఆ పిడికెడు మాత్రం తప్పేది కాదు.

యుద్ధం రోజులవి. ఆకలేసి నేను ఆ కుండ వైపు చూస్తే చాలు, అవ్వ కళ్లెర్రజేసేది. "దాని జోలికి పోయినావంటే చెయ్యి ఇరుగుతాది సూడు!"

చర్చిని మేము దేవళం అనేవాళ్లం. క్రిస్మస్‌కు వీధివీధికీ భజనలు, మట్టలాదివారం ఈతాకులు పట్టుకుని ఊరేగింపు, కోతల పండక్కి గుమ్మడికాయలు, చెరుకుగడలు... ఏడాది పొడుగునా ఏదో ఒక సందడి. నెలకోసారి ఆడవాళ్లంతా పిడికిలి కుండలు తెచ్చి ప్రార్థన బల్ల ముందు పెట్టేవాళ్లు. ప్రార్థన అయ్యాక ఆ రాగులన్నీ వెనక గదిలోని పెద్ద కాగుల్లోకి పోయేవి. ఈస్టరు మరుసటి రోజు మొదలుపెట్టి వానలు పడేదాకా, ఆ రాగులతోనే గేటు దగ్గర అంబలి కాచి పోసేవాళ్లు. ఏ మతమని అడిగేవాళ్లు కాదు. గిన్నె తెచ్చుకుంటే చాలు.

ఆ గిన్నెల్లో ఒకటి జైతూన్‌ది. దూది ఏకే ఖాజాబీ కూతురు, నా ఈడు పిల్ల. ఆ యేడు వానల్లేవు. తిండికే గతిలేనప్పుడు పరుపులు కుట్టించుకునేదెవరు? వాళ్లింట్లో పొయ్యి వెలిగిన రోజు కంటే వెలగని రోజులే ఎక్కువ. "ఈస్టరు ఎప్పుడొస్తాది?" అని నన్ను రోజూ అడిగేది. మా పండగ కోసం మాకంటే ఎక్కువగా ఎదురుచూసింది ఆ పిల్లే.

ఆ సోమవారం రానే వచ్చింది. గేటు దగ్గర పిల్లలు బారులు తీరారు. అందరికంటే ముందు జైతూన్... చంకలో తమ్ముడు, చేతిలో సత్తు గిన్నె. అవ్వ వెళ్లి గది తలుపు తీసింది. కాగులన్నీ ఖాళీ! అడుగున కాస్త పొట్టు తప్ప ఏమీ లేదు.

సంఘపెద్ద యాకోబప్ప తాపీగా అవ్వ దగ్గరికి వచ్చాడు. "వచ్చే ఆదివారం మదనపల్లె నుంచి పెద్ద పాస్టరయ్య వస్తాండారు మార్తమ్మా. ఆయనకు రాగంబలి పోస్తామా? దేవళం పరువేం గావల్ల? ఆ రాగులు కుప్పం సావుకారికిచ్చి, సన్నబియ్యం తెప్పించినాం."

"అవి నీ ఇంటి గింజలా యాకోబప్పా? మా బిడ్డల నోళ్లు కొట్టి ఏసినాం!" అంది అవ్వ.

"ఆడోళ్లకు ఇవన్నీ యాలమ్మా? ఆదివారం వచ్చి గిన్నెలు తోమిపోండి, సాలు."

ఆ మాట... ఈ వయసులో తలచుకున్నా నాకు ఒళ్లు మండిపోతుంది! అక్కడితో ఆగాడా? గేటు దగ్గరికొచ్చి, "గింజలు అయిపోయినాయి, పోండి పోండి" అంటూ పిల్లల్ని కోళ్లను తోలినట్టు తోలాడు. జైతూన్ నా వైపు చూసింది. "రేపుంటాదా?" అంది. తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుని వెళ్లిపోయింది.

ఆ వారమంతా అవ్వ ఇంటింటికీ తిరిగింది. ఎందుకో మాకు చెప్పలేదు.

ఆదివారం దేవళం కిటకిటలాడింది. ముందు పెద్ద పాస్టరుగారు, పక్కనే ఇస్త్రీ కోటులో యాకోబప్ప. వెనక పందిట్లో నుంచి మాంసం కూర వాసన. కానుకల పాట మొదలవగానే ఆడవాళ్లంతా లేచారు. అవ్వ ముందు నడిచి, తన కుండను బల్ల ముందు బోర్లించింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక మరొకరు... అన్నీ బోర్లించిన కుండలే. పాట దానంతటదే ఆగిపోయింది.

"ఏమిటమ్మా ఇది?" అన్నారు పాస్టరుగారు.

"గేటు కాడ నిలబడిన బిడ్డల కూడు అయ్యగారూ, మీ ఇస్తట్లోకి వచ్చిండాది. మీకియ్యడానికి మా కాడ ఇంక ఏమీ లేదు. ఈటినే దీవించండి."

ఆయన తల దించుకున్నారు. ప్రార్థన ముగించారు. మనసు మారుతుందేమోనని ఆశపడ్డాం... ఎక్కడ! పందిట్లో కూర్చుని తిన్నారు. కాస్త మొహమాటపడి, తర్వాత తిన్నారు. యాకోబప్ప కొసరి కొసరి వడ్డించాడు.

గిన్నెలు తోమడానికి ఒక్క ఆడమనిషీ పోలేదు. ఆ వారం తీసిన పిడికెళ్ల రాగుల్ని ఇసురాయిలో విసిరి, ఆ పిండిని చెంగుల్లో మూటగట్టి తెచ్చుకున్నారు వాళ్లు. గేటు బయట, రోడ్డు పక్కన మూడు రాళ్లు పెట్టి అంబలి కాచారు. నీళ్లకు రంగు తప్ప చిక్కదనం లేదు. అయినా అందరికీ పోశారు.

నేను వరసంతా వెతికాను. జైతూన్ లేదు. ఖాజాబీ పిల్లల్ని తీసుకుని గురువారమే పలమనేరు దారి పట్టిందట. "ఈడ ఉంటే ఏం తింటామని పాయెనమ్మా" అంది వాళ్ల పక్కింటామె. జైతూన్ మళ్లీ ఎప్పుడూ కనబడలేదు.

మొన్న అదే దేవళం పండక్కి నా మనవరాలు తీసుకెళ్లింది. ఈ పోస్టు నేను చెబుతుంటే టైపు చేస్తున్నదీ అదే. లోపల ఏసీలు, చలువరాళ్లు. గోడకు చెక్కిన పెద్దల పేర్లలో యాకోబప్ప పేరు అందరికంటే పైన! మా అవ్వ పేరు లేదు... పోనీ, ఆ పిడికెడు మాటైనా ఉండొద్దా? పిడికిలి కుండ ఎక్కడ పెడతారని కుర్రాణ్ణి అడిగితే, "అదేంది అవ్వా?" అని నవ్వి, చేతిలో బిర్యానీ పొట్లం పెట్టాడు. నేను దాన్ని విప్పకుండానే పక్కన పెట్టేశాను.

మీ ఇళ్లలోనూ పిడికిలి కుండలు ఉండేవా? ఉంటే చెప్పండి, వినాలనుంది. ఆ గింజలు చివరికి ఎవరి పొయ్యి మీదికి పోయేవో, అది కూడా చెప్పండి.

ఇంకొక్క మాట... మీ దాదీయో నానీయో పుంగనూరు నుంచి వచ్చిన జైతూన్ అయితే, దూది ఏకే ఖాజాబీ కూతురే అయితే, ఆమెకు నా మాటగా చెప్పండి. ఆ రోజు గింజలు అయిపోలేదు. మావాళ్లే తినేశారు.