చిటికెల సారుకు కుర్చీ లేదు

బట్టల దుకాణం రెండో అంతస్తులో, పెళ్లయిన ఏడాది నుంచీ ఆమె నిలబడే ఉంది. అమ్మడం కన్నా నిలబడడమే అక్కడ అసలు ఉద్యోగం. కొనేవాళ్లు లేకపోయినా కూర్చోకూడదు, గోడకు ఆనుకోకూడదు. కాస్త ఒరిగితే చాలు, వెనకనుంచి సూపర్‌వైజరు చిటికె వేసేవాడు. ఆడవాళ్లంతా అతనికి చిటికెల సారని పేరు పెట్టుకున్నారు.

ఆమె నిండు నెలలతో ఉన్నప్పుడు ఓసారి కళ్లు తిరిగి అట్టపెట్టె మీద కూలబడింది. "ఇదేమైనా మీ ఇల్లనుకున్నావా, కూర్చోడానికి?" అన్నాడు అందరి ముందూ. ఆ మాటను ఆమె మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. దవడన పెట్టుకుని ఇన్నాళ్లూ ఉంచుకుంది.

సెలవుల సంగతీ అంతే. సంతకం పెట్టి ఇచ్చేవాడు, ఫోను చేసి లాక్కునేవాడు. పోయినేడాది కూతురికి ఒక జడ వేసి, రెండో జడకు పాయలు తీస్తుండగా ఫోను మోగింది. పిల్ల ఆ రోజంతా సగం జుట్టు విరబోసుకునే తిరిగిందట.

ఈసారి ఏడాది చివరి సెలవులకు సంతకం పడగానే ఆమె ఇంటికొచ్చి, ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పాతేసింది. టీవీ మీద దుప్పటి కప్పింది. ఈ సెలవుల్లో బజారు ముఖం చూసేది లేదని ఇంటిల్లిపాదికీ చెప్పేసింది.

"ఏమిటమ్మా ఈ పంతం?" అంది అత్త.

"పంతం కాదత్తయ్యా, పగ."

పగ ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలియదు. పొద్దెక్కేదాకా నిద్రపోయింది. అత్త బఠాణీలు ఒలుస్తూ తన చిన్ననాటి కోతిపనులు చెబుతుంటే పొట్ట పట్టుకుని నవ్వింది. కూతురు ఆమె పిక్కల మీద ఉబ్బిన నరాలకు పెన్నుతో గట్లు గీసి, ఇవి నదులంది. బస్సు కండక్టరైన భర్త ఏడాది పొడుగునా అరిచిన గొంతుకు సెలవిచ్చి, సైగలతో టీ అడిగాడు.

"నోరు పడిపోయిందా?"

"ఇవాళ టిక్కెట్లు లేవు," అన్నాడు గుసగుసగా.

మూడో రోజు తలుపు చప్పుడైంది. చెమటలు కక్కుతూ చిటికెల సారు లోపలికొచ్చాడు. ఇంట్లో ఉన్నవి నాలుగే కుర్చీలు. ఒకదాంట్లో అత్త, ఒకదాంట్లో భర్త, ఒకదాంట్లో తను. నాలుగోదాని మీద తన కాళ్లు. భర్త లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టింది.

"ఫోను కలవదేంటమ్మా?"

"అది కూడా సెలవులో ఉంది సార్."

"అక్కడ దుకాణంలో జనంతో కాలు పెట్టడానికి సందు లేదు. నీదే కాదు, మన అంతస్తులో సెలవు పెట్టినవాళ్లలో ఒక్కరి ఫోనూ కలవట్లేదు! కూడబలుక్కున్నారా ఏంటి?"

ఆమె గుండె ఎగిరి గంతేసింది. సెలవులకు ముందు దుకాణంలో అన్నాల దగ్గర, తోటి ఆడవాళ్లతో నవ్వుతూ ఒక్క మాట అంది, ఫోనుకు బియ్యంలో మంచి నిద్ర పడుతుందని. అంతమంది నిజంగానే నిద్రపుచ్చుతారనుకోలేదు.

"అయ్యో, ఇలా కూర్చో నాయనా," అంటూ అత్త లేవబోయింది.

"మీరు లేవకండత్తయ్యా. సారుకి కూర్చోవడమంటే గిట్టదు."

అతను ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి బరువు మార్చుకున్నాడు. చెయ్యి మెల్లిగా గోడవైపు పోయింది. ఆమె చిటికె వేసింది.

"ఆనుకోకండి సార్. సున్నం అంటుకుంటుంది."

అతని బూట్ల మడమలు ఒకపక్కకు అరిగిపోయి ఉన్నాయి. ఇతనూ రోజంతా నిలబడేవాడేనని ఆమెకు తట్టింది. కర్ర పట్టుకున్నవాడూ కూలివాడే కావచ్చు, వీపు మీద పడింది మాత్రం అతని చేతి కర్రే. జాలిని వచ్చిన దారినే పంపేసింది.

"ఉద్యోగం మీద ఆశ లేదా నీకు?"

"ఎందుకు లేదూ? సెలవు కాగానే వస్తాను. ఈలోపు కౌంటరుకో స్టూలు వేయించండి. వేయించకపోతే మా స్టూళ్లు మేమే మోసుకొస్తాం. ఓనరు గారు అడిగితే ఇదే చెప్పండి. ఆయనొచ్చినా ఇక్కడ కుర్చీ ఖాళీ లేదు."

అతను దడదడా మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"అమ్మా, ఉద్యోగం పోతుందా?" అంది కూతురు.

"పోవచ్చే," అంది ఆమె. బియ్యం డబ్బా వైపు ఓసారి చూసింది. కానీ ఫోను బయటికి తీయలేదు.

మర్నాడు సాయంత్రం కింది వాటా ఆవిడ సంచులు మోసుకుంటూ దుకాణం నుంచి నేరుగా పైకి వచ్చింది.

"నీకు తెలుసా? మీ సూపర్‌వైజరే చొక్కాలు మడతపెడుతున్నాడు! మడతలో చొక్కా చెయ్యి ఒకటి ముందుంటే ఇంకోటి వెనక. కాస్త బల్ల మీదికి ఒరిగితే చాలు, మీ ఓనరు చిటికెలు!"

ఆమె నవ్వలేదు. లేచి తన కుర్చీని ఆవిడ దగ్గరికి లాగి, తను నేల మీద కాళ్లు బారజాపుకుంది.

"కూర్చో వదినా. ఇప్పుడు మొదట్నుంచీ చెప్పు."