కొల్లేటి మీద రైల్వే స్టేషను

ఆనంద్ పాల్‌కి తాగుడు లేదు, పేకాట లేదు, నశ్యం కూడా లేదు. ఉన్నది ఒక్కటే జబ్బు. కంప్యూటర్లో రైలు నడిపే ఆట ఒకటుంది. అందులోకి కంపెనీవాళ్లు ఈసారి ఏ దేశం రూటు తెస్తారో అందరికంటే ముందు చెప్పేయడం అతని జబ్బు. చెప్పిందల్లా తప్పడం ఆ జబ్బు లక్షణం.

తాడేపల్లిగూడెంలో కామర్సు లెక్చరరు. ఏలూరు నుంచి రోజూ పాసింజరులో వెళ్లొచ్చేవాడు. అలా నిజం రైల్లో నలిగిన మనిషి, ఇంటికొచ్చి చొక్కా అయినా విప్పకుండా కంప్యూటర్లో మళ్లీ రైలెక్కితే భార్య హెప్సిబా ఏమీ అనేది కాదు. నడిపితే నడిపాడు. ఆమె బాధంతా ఆ తర్వాత మొదలయ్యే జోస్యంతోనే.

"హెప్సీ! ఈసారి మన లైనే!"

"పోయినసారీ అదే అన్నారు. జపాన్ వచ్చింది."

"జపాన్‌లోనూ వరిచేలున్నాయి కదా. అంటే మన దగ్గరకే వస్తున్నారన్నమాట."

ఒకసారి కంపెనీవాళ్ల ప్రకటనలో ఆకాశం మీద ఒక నల్లచుక్క కనిపించింది. దాన్ని తెరంత పెద్దది చేసి, కూర కలుపుతున్న హెప్సిబాను గరిటెతో సహా లాక్కొచ్చాడు.

"చూడు. గూడబాతు! కొల్లేరు కాకపోతే ఇంకేమిటి?"

"కాకి అయ్యుండొచ్చు కదండీ."

"కాకికి అంత ముక్కుంటుందా?"

ఆ రూటు స్కాట్లాండులో తేలింది. చుక్క ఏమిటో ఎవరికీ తేలలేదు. కూర మాత్రం మాడింది.

చర్చిలో చేసిన నిర్వాకం అంతకంటే ఘనం. ప్రార్థన మనవులు చెప్పమంటే లేచి నిలబడ్డాడు. పాస్టరు ఎలీయాజరు గారు మంచి మనిషి, ఏ మనవినీ కాదనరు. "సహోదరుడు ఆనంద్ పాల్ గారు కోరుకుంటున్న రూటు విస్తరణ కొరకు ప్రార్థిద్దాం" అన్నారు గంభీరంగా. ముందు వరసలో సువార్తమ్మగారు చివాలున లేచారు.

"ఆగండి పాస్టరుగారూ! విస్తరణంటే మా వీధే కదండీ? నా ప్రహరీ పడగొట్టడానికి నేనే ఆమెన్ అనాలా?"

అది రోడ్డు కాదు, రైలనీ, రైలు కూడా కంప్యూటర్లోదనీ ఆవిడకు నచ్చజెప్పేసరికి ప్రసంగానికి వేళ మిగల్లేదు. పిల్లలంతా ఆనంద్ పాల్‌కి కృతజ్ఞతలు చెప్పుకున్నారు. హెప్సిబా చీరకొంగు ముఖాన కప్పుకుని ఇంటికి నడిచింది.

అలాంటిది ఒక చలికాలం ఉన్నట్టుండి జోస్యాలు ఆగిపోయాయి. ఆనంద్ పాల్ ఇంటికొచ్చి, అన్నం తిని, పేపర్లు దిద్దుకుని పడుకునేవాడు. పరీక్షల హడావుడి కాబోలనుకుని హెప్సిబా దేవునికి స్తోత్రం చెప్పుకుంది.

ఆ తర్వాత వచ్చిన ఎండాకాలంలో సర్కారువాళ్లు కొల్లేట్లో చేపలచెరువుల గట్లు కొట్టేశారు. సరస్సులో చెరువులు తవ్వడం తప్పా, తవ్వినవి కొట్టేయడం తప్పా అని ఊరంతా వాదించుకుంది. వాదించనిదల్లా కింది వాటాలో ఉండే వాళ్ల ఇంటి ఓనరు సత్తిరాజు గారే. ఆయన పెద్దచెరువూ పోయింది, దాంతోపాటే మాటా పోయింది.

అంతకుముందు ఆయన గుసగుసలాడినా పవర్‌పేట స్టేషన్‌లో వినిపించేది. ఇప్పుడు వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి గోడవంక చూస్తూ ఉంటారు. డాక్టరు ఒంట్లో ఏ లోపమూ లేదన్నాడు. చుట్టాలు వచ్చి ఓదార్చిన కొద్దీ ఇంకా బిగుసుకున్నారు. భార్య అచ్చాయమ్మగారు కొరమీను పులుసు పెట్టినా కంచం ముట్టలేదు.

ఒక సాయంత్రం కాలేజీ నుంచి వస్తూ ఆనంద్ పాల్ ఆ కుర్చీ ముందు ఆగాడు.

"రాజుగారండీ, ఆటలోకి కొత్త రూటు వస్తోందండి. ఏలూర్లో బయల్దేరి కొల్లేటి మీదుగా కైకలూరు. మీ పెద్దచెరువు ఉన్నచోట స్టేషను."

మేడమీద బట్టలు తీస్తున్న హెప్సిబా నాలుక కరుచుకుంది. మానిందనుకున్న జబ్బు తిరగబెట్టడం ఒకెత్తు, తిరగబెట్టి ఈ మనిషి పుండు మీదే పడడం ఇంకొకెత్తు.

చాలాసేపటికి కింద కుర్చీ కిర్రుమంది.

"ఏ చెరువన్నారూ?"

"పెద్దదేనండి."

"అక్కడ స్టేషనా? అదంతా ఊబండీ! ఇంజను దిగబడిపోద్ది!"

"కంప్యూటర్లో ఊబి ఉండదండి."

"ఊబి లేకపోతే అది కొల్లేరెలా అవుద్దండీ? ఎవరండీ ఆ కంపెనీవాళ్లు? ఒక్కడన్నా దోనె ఎక్కాడా?"

మర్నాడు ప్లాట్‌ఫారం ఎత్తు మీద గొడవ. ఆనంద్ పాల్ మోకాలెత్తు చాలన్నాడు. వరదొస్తే స్టేషను మాస్టరు చెట్టెక్కాల్సొస్తుందని సత్తిరాజు గారు మండిపడ్డారు. ఆ పైరోజు సిగ్నలు స్తంభం పక్షుల గూళ్ల మధ్య పాతాలన్నాడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి మరీ తిట్టారు.

హెప్సిబాకు తల కొట్టేసినట్టయింది. ఉన్నది పోగొట్టుకున్న పెద్దాయన్ని రోజూ ఇలా పొడుచుకు తింటాడా? మొగుడితో చెప్పి లాభం లేదు. ఆటల సీడీలు అమ్మే దుర్గేష్ కొట్టుకే నేరుగా వెళ్లింది.

"బాబూ, మా ఆయనకి ఇక కొత్త రూట్లేవీ అమ్మకు. నీకు పుణ్యముంటుంది."

దుర్గేష్ తెల్లబోయాడు. "ఇంకెక్కడి రూట్లండీ మేడమ్? కంపెనీవాళ్లు ఆ ఆట మూసేశారు కదండీ. ఇక కొత్త రూట్లే ఉండవని క్రిస్మస్‌కి ముందే సారుకి నేనే చెప్పాను. పాపం, కాసేపు కుర్చీలోంచి లేవలేకపోయారండి. మంచినీళ్లిచ్చి పంపించాను."

హెప్సిబా ఇంటికి తిరిగొచ్చేసరికి వరండాలో యుద్ధం నడుస్తోంది. సత్తిరాజు గారి ఎడమచేతిలో కంచం, నోట్లో ముద్ద. ముద్ద మింగడానికి తిట్టు ఆపుతున్నారు, తిట్టడానికి ముద్ద మింగుతున్నారు. అచ్చాయమ్మగారు వెనకనుంచి చప్పుడు చేయకుండా మారు వడ్డిస్తూ, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నారు.

హెప్సిబా మెట్ల దగ్గరకు రమ్మని భర్తకు సైగచేసింది.

"దుర్గేష్‌తో మాట్లాడానండి."

ఆనంద్ పాల్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాజుగారికి చెప్పకు హెప్సీ. ప్లాట్‌ఫారం ఎత్తు ఇంకా తేల్లేదు."

ఆమె అతని చొక్కా కాలరు సరిచేసి తనే వరండాలోకి నడిచింది.

"బాబాయిగారూ, రైలు కైకలూర్లో ఆగిపోతే ఎలాగండీ? మా పుట్టిల్లు ఉండి ఊళ్లోనండి. అక్కడిదాకా వేయించండి."

సత్తిరాజు గారు కంచం కింద పెట్టేశారు. "చూశారా పాల్ గారూ! ఈ ముక్క ఇన్నాళ్లూ మీకు తట్టిందా?"

ఆనంద్ పాల్ నిజంగానే నొచ్చుకున్నాడు. "ఉండిదాకానా? అంత పొడుగు రూటు వాళ్లు చచ్చినా ఇవ్వరండి! ఊహకైనా ఒక పద్ధతుండాలి కదండీ!"

"మీరు ఊరుకోండి!" అని గర్జించారు సత్తిరాజు గారు. వీధిలో పోయే రిక్షా ఆగిపోయింది. "ఏవే, అమ్మాయిగారికి కుర్చీ వెయ్యి. ఈవిడ మేడమీదకి వెళ్లిపోయేలోగా మిగతా స్టేషన్లు కూడా తేల్చేద్దాం."