ఏట లేదన్న కబురు

పటేల్‌గూడ సుకుమారి ఇంతవరకు సముద్రం చూడలేదు. చూసినట్టు కోతలూ కోయదు. అయినా అమీన్‌పూర్ రోడ్డు మీద, కొత్త అపార్ట్‌మెంట్లకు ఎదురుగా నీలం పట్టా పరిచి ఐసు డబ్బా మూత తీసిందంటే, బంగాళాఖాతం వాళ్ల పెరట్లోనే ఉన్నట్టు మాట్లాడుతుంది. నిన్న కెరటం ఎక్కువ, అందుకే వంజరం రాలేదంటుంది. చలిగాలి మొదలైంది, ఇక చందువా బాగుంటుందంటుంది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కొనుక్కున్న ఉద్యోగస్తులు కూడా ఆమె ముందు తమ తెలివితేటలు కట్టిపెట్టి, ఆమె ఏరి ఇచ్చిన చేపే పట్టుకెళ్తారు.

ఈ చదువంతా ఫోనులో వచ్చింది. పాశమైలారంలో ఒక మందుల కంపెనీ ప్యాకింగులో పదేళ్లు పనిచేసి, అది మూతపడ్డాక ఆమె చేపలకు దిగింది. మొదట అందరిలాగే చెరువు చేపలు, రవ్వ, బొచ్చె అమ్మింది. ఆరేళ్ల కింద ఒక లారీ డ్రైవరు నూకరాజు నంబరు ఇచ్చాడు. నూకరాజుది కాకినాడ. పడవలు ఒడ్డుకు చేరగానే చేప ఏరి, ఐసు వేసి, డబ్బాలకెత్తి లారీ ఎక్కించడం అతని పని. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు ఎరుగరు. రోజూ మధ్యాహ్నం అతను ఫోను చేసి "అక్కా" అంటాడు, ఈమె "చెప్పు తమ్మీ" అంటుంది. ఇక గాలి ఎటు తిరిగింది, నీళ్లు ఏ రంగులో ఉన్నాయి, ఎన్ని పడవలు పోయాయి, ఏం తెచ్చాయి, అన్నీ అడిగి తెలుసుకుంటుంది. ఒక్కోసారి ఆమె ప్రశ్నలకు నూకరాజే విసిగిపోయి, పని ఉందక్కా అని పెట్టేస్తాడు.

అంతా బాగానే ఉంది గానీ, సొంత మనుషులే ఆమె చేప ముట్టరు. వాళ్ల చర్చిలో నూటఇరవై మంది. కొర్రమీను అంటే ప్రాణం పెడతారు, చెరువు రవ్వ అంటే లొట్టలేస్తారు, సముద్రం చేప అనగానే ముక్కు చిట్లిస్తారు. నీసు వాసనట! ఎప్పుడైనా తిన్నారా అంటే తినలేదు. తినకుండానే తెలిసిపోయింది వాళ్లకు. చర్చి ఆడవాళ్ల సంఘం స్త్రీల మైత్రికి పెద్దదిక్కు సునంద టీచరు. మంచి మనిషే, ఎవరినీ ఒక్క మాట అనదు. కానీ సుకుమారి ఆమెకు రెండుసార్లు చందువా ఇంటికి తీసుకెళ్లి ఇస్తే, రెండుసార్లూ పక్కింటి వాళ్లకు ఇచ్చేసింది. ఆ సంగతి ఆ పక్కింటామె వచ్చి ఇంకా ఉన్నాయా అని అడిగితే బయటపడింది. సుకుమారి పట్టించుకోనట్టు నవ్వేసింది గానీ, ఇంటికి వచ్చి ఏడ్చింది. బజారు మొత్తం మెచ్చుకుని మనవాళ్లు మెచ్చుకోకపోతే ఆ మెప్పు ఎవరికి కావాలి?

ఇక కార్తీకమాసం వచ్చింది. అపార్ట్‌మెంట్లలో సగం మంది నీసు మానేశారు. సముద్రమేమో సరిగ్గా ఈ రోజుల్లోనే దండిగా ఇస్తుంది, మధ్యలో వాయుగుండాలు రాకుంటే. ఆ వారం రానే వచ్చింది ఒకటి, ఆమెకు ఇంకా తెలియకుండానే. అదే వారం ఆదివారం చర్చిలో కోత పండుగ. ఎవరి పంట వాళ్లు తెచ్చి అర్పించి, ఆరాధన అయ్యాక అందరూ కలిసి భోంచేసే పండుగ. ఈసారి కూర వంతు సుకుమారిది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట దగ్గర గొర్రెలు కాసే కొమురయ్యకు యాట ఒకటి కావాలని పదిరోజుల ముందే చెప్పి పెట్టింది. యాట అంటే ఇక్కడ కోతకు ఉంచిన పొట్టేలు. మన వైపు పండుగన్నా, పెళ్లన్నా, చుట్టం వచ్చాడన్నా ముందు ఆ మాటే వినపడుతుంది.

గురువారం నాడు ఆమె ఫోను ఐసు నీళ్లలో పడింది. దాన్ని తీసి బియ్యం డబ్బాలో పాతిపెట్టి, ఆమె పసుపూ ఉప్పూ తేవడానికి పటాన్‌చెరు పోయింది. ఆమె దొరక్కపోయేసరికి నూకరాజు పౌలు నంబరుకు చేశాడు. పౌలు ఆమె పెనిమిటి. ఇనుము సాగగొట్టే ఫోర్జింగ్ షాపులో ముప్పై ఏళ్లుగా హ్యామర్ల మోతలో నిలబడ్డ మనిషి, చెవులు ఎప్పుడో సగం పోయాయి. పైగా రాత్రి షిఫ్టు చేసి వచ్చి మంచి నిద్రలో ఉన్నాడు.

"ఈ వారం ఏట లేనట్టేనండి. అక్కకి చెప్పండి" అన్నాడు నూకరాజు.

సముద్రం మీద చేపలు పట్టడాన్ని వాళ్లు వేట అంటారు. నూకరాజు నోట్లో అది ఏట. పౌలు చెవిలో యాట. ఇంకేముంది! సరే అని ఫోను పెట్టేసి అటు తిరిగి పడుకున్నాడు. సుకుమారి రాగానే యాట లేదంట, ఫోనొచ్చింది అన్నాడు. ఎవరు చేశారంటే ఎవరో పేరు లేని నంబరన్నాడు. కొమురయ్యకు సొంత ఫోను లేదు, ఎవరి దగ్గర దొరికితే వాళ్ల దగ్గర తీసుకుని చేస్తాడు. కాబట్టి ఆమెకు అనుమానమే రాలేదు. నాకు చెప్పే ముఖం లేక ఈయనకు చెప్పి తప్పించుకున్నాడా ముసలోడు అని మండిపడింది.

ఆ కోపంలోనే సాయంత్రం స్త్రీల మైత్రి కూటానికి పోయింది. యాట దొరకలేదని చెప్పింది. అందరూ అయ్యో అన్నారు. అప్పుడు ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చేసింది: ఆదివారం నేను చేప వండిపెడతాను. సముద్రం చేప. ఒక్కసారిగా అందరూ సునంద టీచరు వంక చూశారు. ఆవిడ మెత్తగా, పిల్లలు తినరేమో, పప్పు సాంబారు పెట్టుకుందాం, నీకెందుకు అంత శ్రమ అంది. ఆ మెత్తదనమే సుకుమారిని పొడిచింది.

"ఒక్కసారి తినుండ్రి టీచరమ్మా. ఒక్కలు నీసు వాసనన్నా, మళ్ల మీ ముంగట చేప పేరెత్తను" అంది.

పాస్టరు అయ్యగారి భార్య కల్పించుకుని, అంతగా అడుగుతుంది కదా, కానిద్దాం అంది. ఒప్పుకున్నారు. సుకుమారి గాలిలో తేలుతూ ఇంటికొచ్చింది.

శుక్రవారం పొద్దున ఫోను బియ్యంలోంచి లేచి కూర్చుంది. వెంటనే నూకరాజుకు చేసి, ఆదివారం తెల్లారేసరికి నలభై కిలోలు కావాలంది. అతను నెమ్మదిగా అన్నాడు: "మీ ఆయనగారితో నిన్న చెప్పాను కదక్కా, ఈ వారం ఏట లేదని."

పటేల్‌గూడ మొత్తం మీద ఆ రెండు మాటలూ తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. క్షణంలో అంతా అర్థమైపోయింది. ముందు నవ్వొచ్చింది, ఆపుకోలేక గోడకు ఆనుకుని నవ్వింది. నవ్వు సగంలో ఉండగానే నూటఇరవై విస్తళ్లు కళ్ల ముందు కనపడ్డాయి. ఎలాగైనా పంపమని బతిమాలింది. నూకరాజు ధైర్యం చెప్పలేకపోయాడు. గాలి కొంచెం తగ్గుతోందట. శనివారం తెల్లవారుజామున నాలుగు పడవలు తెగించి పోవచ్చట. కలకబారిన నీళ్లకు కానాగంత చేపలు గుంపులుగా ఒడ్డు వైపు వస్తాయి, పడితే ఎత్తలేనన్ని పడతాయి, పడకపోతే ఒట్టి వలే వస్తుంది, మాటివ్వలేనక్కా అన్నాడు.

పౌలును నిద్రలేపి కడిగేసింది. అతను మాత్రం తన తప్పేమీ లేదన్నాడు. వారం రోజులుగా ఇంట్లో యాట, యాట అని తిరిగింది ఎవరు? ఫోనులో ఎవడైనా యాట లేదంటే మనిషి ఏమనుకోవాలి?

శనివారం తొమ్మిదింటికి కొమురయ్య వచ్చాడు. మెడకు తాడు కట్టిన నల్ల పొట్టేలును గేటుకు కట్టేసి, చెప్పిన రోజుకు తెచ్చిన కదా బిడ్డా అని గర్వంగా మీసం దువ్వాడు. పొట్టేలు వచ్చీ రావడంతోనే పక్కింటి కరివేపాకు మొక్క తినేసి, వాడ మొత్తానికి వినపడేలా అరిచింది. ఆ అరుపుకు సునంద టీచరు కూడా వచ్చింది. జరిగింది జరిగినట్టు సుకుమారి చెప్పేసింది. ఆవిడ పౌలు వంక చూసి కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, పోనీలే, దేవుడే పంపినట్టు యాట వచ్చింది, దాన్నే కోసుకుందాం, చేప గొడవ వదిలెయ్ అంది.

ఎంత సులువైన దారి! ఎవరూ ఏమీ అనరు. అందరూ కడుపునిండా తిని, పౌలు చెవుల గురించి ఏడాది పొడుగునా నవ్వుకుంటారు. కానీ ఇప్పుడు వదిలేస్తే మళ్లీ ఆ మాట ఎత్తే వీలు ఈ జన్మలో రాదని సుకుమారికి తెలుసు. మాట గట్టిగానే వచ్చింది.

"రేపు పొద్దుగాల ఆరింటి దాంక ఆగుండ్రి టీచరమ్మా. చేప రాకుంటే నేనే దగ్గరుండి యాట కోయిస్త."

సునంద టీచరు కొమురయ్యను అడిగింది. ఆరింటికి కోస్తే ఒంటిగంటకు కూర అవుతుంది, అంతకు ఒక్క నిమిషం దాటినా నా పూచీ లేదన్నాడు అతను. సరేనంది ఆవిడ.

ఆ రోజు మధ్యాహ్నం దాకా సుకుమారి ఫోను చేతిలోంచి దించలేదు. రెండింటికి మోగింది. ముందు నూకరాజు మాట వినపడలేదు, వెనక ఒడ్డు మీద జనం కేకలు వినపడ్డాయి. "కానాగంతలక్కా! వల లాగలేక ఇంకో పడవ సాయమెళ్లింది. నీ నలభైయీ ముందు ఎత్తేశాను" అని అరిచాడు. ఆమె గ్యాసు పొయ్యి మీద ఉన్న చాయ్ పొంగి ఆరిపోయేదాకా అక్కడే నిలబడి ఉంది.

చేప పడింది, సరే. లారీ రావాలి కదా. ఆదివారం ఐదింటికే పౌలును వెంటబెట్టుకుని ఆటోలో ముత్తంగి దగ్గర, రింగురోడ్డు దిగే చోట నిలబడింది. ఐదున్నరయింది. ఐదూ నలభై అయింది. వచ్చిన ప్రతి లారీకీ చెయ్యెత్తి, రెండు సిమెంటు లారీల వాళ్లతో తిట్లు తిన్నారు. సూర్యాపేట దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్నానన్న డ్రైవరు ఫోను ఎత్తడం మానేశాడు. ఆరింటికి ఎనిమిది నిమిషాలుందనగా, వెనక తలుపు సందుల్లోంచి ఐసు నీళ్లు కారుకుంటూ దిగింది లారీ. డబ్బా మూత తీసి ఒక చేపను పట్టి చూసింది. కళ్లు తేటగా ఉన్నాయి, మొప్పలు ఎర్రగా ఉన్నాయి. అక్కడి నుంచే చర్చికి ఫోను చేసింది. కొమురయ్య అప్పటికే కత్తి నూరుకుని కూర్చున్నాడు. ఆగమనేసరికి కాస్త చిన్నబుచ్చుకున్నాడు కూడా. పొట్టేలు పండుగ అర్పణల్లోకి పోయి, గుమ్మడికాయల పక్కన వేలంపాట కోసం నిలబడింది.

చేపలను నలుగురు ఆడవాళ్లు కోశారు, ఉప్పు పసుపు నిమ్మరసం పట్టించి ఆమె మూడుసార్లు కడిగింది. సగం వేపుడు, సగం చింతపండు పులుసు. వేపుడు మూకుడులో పడ్డ దగ్గర్నుంచి ఆ వాసన కిటికీల్లోంచి చర్చిలోకి పోయింది. ఎప్పుడూ గంటకు తగ్గని అయ్యగారి ప్రసంగం ఆ రోజు ముప్పావుగంటకే ముగిసింది. ఆయన మాత్రం గొంతు బాగాలేదన్నాడు.

మొదటి బంతిలో సునంద టీచరు కూర్చుంది. సుకుమారే వడ్డించింది. ఆవిడ ముల్లు తీసింది, ముక్క నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క తింది. విస్తట్లోంచి తల ఎత్తలేదు. అక్కడే నిలబడలేక సుకుమారి వంట పందిట్లోకి పారిపోయి, గరిటె పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడింది. కాసేపటికి బయట కేకలు మొదలయ్యాయి. ఇటు పులుసు, ఇటు వేపుడు, రెండో బంతికి ఉంచారా లేదా, మా పిల్లగాడికి ఇంకొకటి. వడ్డించేవాళ్లు ఖాళీ గిన్నెలతో పరుగెత్తుకుంటూ వచ్చారు, నింపుకుని పోయారు, మళ్లీ వచ్చారు. మూడో బంతి లేచేసరికి రెండున్నర అయింది.

అందరూ వేలంపాటకు వెళ్లాక ఆమె అన్నం పెట్టుకుని కూర్చుంది. పులుసు గిన్నె ఒంచి చూసింది. అడుగున కరివేపాకు రెబ్బ ఒకటి ఉంది. వేపుడు మూకుడును పౌలు అప్పటికే అన్నం వేసి తుడుచుకు తినేశాడు. ఆరేళ్లుగా అమ్మగా మిగిలిన చేప ఏదో ఒకటి ఆమె విస్తట్లోకి రాని రోజు లేదు. కొన్నిసార్లు వారమంతా అదే తిని మొహం మొత్తింది. ఇవాళ ఒక్క ముక్క లేదు. టమాట తొక్కు కలుపుకుని తింటుంటే చేతులు కడుక్కోవడానికి సునంద టీచరు వచ్చింది, ఆమె విస్తరి చూసి ఆగిపోయింది.

"నీకు చేపేది సుకుమారీ?"

"లేదు టీచరమ్మా, అయిపోయింది" అంది సుకుమారి. అలా అని ఊరుకోలేదు. ముద్ద నోట్లోనే ఉండగా, కళ్లు తుడుచుకుంటూ ఇంకోసారి అంది: "మొత్తం అయిపోయింది."