మా పెద్దమ్మ కొట్టని తలుపు

మార్చిలో ఒక శుక్రవారం పొద్దున, నేనింకా మంచం దిగకముందే పెద్దనాన్న ఫోన్ చేశాడు. "పాపా, మీ పెద్దమ్మ లేయల్యా. టీ పెట్టి రెండుసార్లు పిలిచినా. చెయ్యి పట్టుకుంటే సల్లగా ఉండాది" అన్నాడు. ఏడవలేదు. ఎక్కడున్నారని అడిగితే, సూర్ ఊరు దాటాక సముద్రం ఒడ్డున బండి ఆపుకున్నామని చెప్పి, "తొందరేం ల్యాదు, నిదానంగా రా" అన్నాడు. ఆ మాటకే నాకు ఏడుపొచ్చింది. తొందరపడాల్సిన రోజుల్లో తొందరపడని మనిషిని నేను. ఆ సంగతి చెప్పుకోవడానికే ఇది రాస్తున్నాను.

నేను మస్కట్‌లో, ఖురంలోని ఒక ఆఫీసులో పనిచేస్తాను. పదకొండేళ్ల కిందట కడప నుంచి నన్ను ఇక్కడికి పిలిపించింది పెద్దమ్మా పెద్దనాన్నలే. పెద్దమ్మ మా అమ్మకు అక్క. వాళ్లకు పిల్లలు లేరు. పెద్దమ్మ అల్ మవాలేలో ఒకరింట్లో ఇరవై రెండేళ్లు పనిచేసింది. వంటింటి పక్కన చిన్న గది, అందులోనే పడక. పెద్దనాన్న అక్కడికి ఇరవై నిమిషాల దూరంలో ఒక గ్యారేజీలో మెకానిక్. ఆరుగురు మగవాళ్లుండే రూమ్‌లో ఆయన పడక. ఇంత దగ్గరలో ఉండి కూడా మొగుడూ పెళ్లాలు కలుసుకునేది శుక్రవారాలే.

అయితే ఎక్కడ కలుసుకోవాలి? ఇల్లంటూ లేదు. శుక్రవారం గ్యారేజీకి సెలవు కాబట్టి, మరమ్మతుకొచ్చిన ఎవరిదో ఒక కారులో కూర్చుని క్యారియర్ విప్పుకునేవాళ్లు. ఒక వారం పెద్ద కారు, ఒక వారం డొక్కు కారు. తిన్నాక పెద్దమ్మ సీట్లన్నీ తుడిచి, మెతుకు కూడా మిగలకుండా చూసి దిగేది. "నేను కాపురం చేసినన్ని కార్లల్లో ఏ షేకూ తిరిగిండడు పాపా" అని నాతో అనేది.

అందుకే ఆమె పని మానేసిన ఏడాది, అందరూ ఊరికి వెళ్లిపోతారనుకుంటే, వాళ్లు పాత స్కూలు మినీ బస్సు ఒకటి కొన్నారు. పెద్దనాన్న సీట్లన్నీ పీకేసి బల్ల మంచం వేశాడు. ఒక మూల గ్యాస్ పొయ్యి, పైన నీళ్ల ట్యాంకు, కిటికీలకు పెద్దమ్మ చీరల కర్టెన్లు. కాగితాల పనంతా గ్యారేజీ అర్బాబ్, అదే యజమాని, దగ్గరుండి చేయించాడు. వయసు మీద పడ్డాక ఈ ఊరేగింపేమిటని మా అమ్మ ఫోన్‌లో కేకలేసింది. పెద్దమ్మ నెమ్మదిగా, "ఇన్నేండ్లు ఈ దేశంలో ఉండి నేను చూసిందేంది? వంటిల్లు, బట్టలారేసే మిద్దె. మిగిలింది చూసి వస్సా" అంది.

ఆ బస్సును ఆమె ఎప్పుడూ బస్సనలేదు, ఇల్లే అనేది. "ఇంటికి డీజిల్ పోయించినావా?", "ఇంటి టైర్లో గాలి తగ్గింది" అంటుంటే, కొత్తవాళ్లు బిత్తరపోయేవాళ్లు. మొదటి ప్రయాణం నిజ్వాకు. పెద్దనాన్న స్టీరింగు ముందు కూర్చుని చూస్తే పక్క సీటు ఖాళీ. ఆమె వెనక, మంచం అంచున, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. పనిచేసిన ఇంటివాళ్ల కారులో పిల్లలతోపాటు వెనకే కూర్చోవడం అలవాటు మరి. "ముందరికి రావే, నేనేమన్నా నీ డ్రైవర్‌నా?" అని ఆయన పిలిస్తే సిగ్గుపడుతూ వచ్చిందట. ఆ కథ ఆయన ప్రతిసారీ నవ్వుతూ చెప్పేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఆ అలవాటు ఒకరోజు ఎంత పని చేస్తుందో అప్పుడు మాకు తెలియదు.

ఆమెతో ఊళ్లు చూడటమంటే సరదాగా ఉండేది. నిజ్వా కోట బురుజెక్కి అందరూ ఖర్జూర తోటలు చూస్తుంటే, ఆమె మెట్లు చూసి "ఇన్ని మెట్లు ఎవురు ఊడుస్తారో" అనేది. జెబెల్ షమ్స్ కొండమీద లోయ అంచున నిలబడి, కింద అంత లోతు చూసి, "ఇక్కడ బట్టలారేస్తే ఒక గాలికి యాడికో పోతాయి" అంది. ఎక్కడ బండి ఆపినా ముందు చుట్టూ ఊడ్చేది, తర్వాతే పొయ్యి వెలిగించేది. సంగటి, శెనిగ్గింజల పచ్చడి చేస్తే పక్కన చాపలేసుకున్న ఒమానీ కుటుంబాలకూ పెట్టేది. వాళ్లు కహ్వా, అంటే వాళ్ల కాఫీ, ఖర్జూరాలు ఇచ్చేవాళ్లు. కప్పు తిరిగిచ్చేటప్పుడు కడిగి ఇవ్వకుండా ఉండటం మాత్రం ఆమె వల్ల అయ్యేది కాదు. "కడగొద్దు, నువ్వు మా అతిథివి" అని ఎవరైనా లాక్కుంటే ఖాళీ చేతులతో ఏం చేయాలో తెలియక నిలబడిపోయేది.

ఒక చలికాలం నన్నూ రాస్ అల్ జింజ్‌కు తీసుకెళ్లారు. తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే చోటది. తెల్లవారుతుండగా ఒక పెద్ద తాబేలు ఇసుకలో గుడ్లు కప్పెట్టి, మెల్లగా ఈడ్చుకుంటూ సముద్రంలోకి పోతోంది. జనం గుసగుసలాడుకుంటూ ఫొటోలు తీస్తున్నారు. పెద్దమ్మ మాత్రం కదలకుండా చూస్తూ, "పిల్లల్ను ఇసకలో పెట్టి పోతాంది. దాన్ని ఎవురూ ఏమీ అనరు గదా" అంది. తర్వాత బండిలో టీ తాగుతూ తన తల్లి సంగతి చెప్పింది.

మా అవ్వ, అంటే పెద్దమ్మకూ మా అమ్మకూ తల్లి, చాలా ఏళ్ల కిందటే ఈ దేశం దక్షిణం కొసనున్న సలాలాలో ఒక ఇంట్లో పనికి వచ్చింది. అప్పటికి పెద్దమ్మకు పదేళ్లు, మా అమ్మకు రెండేళ్లు. ఎనిమిదేళ్లు ఇక్కడే ఉండిపోయింది. తిరిగొచ్చాక ఆ ఎనిమిదేళ్ల గురించి ఎవరడిగినా "బాగానే ఉంటి" అని ఊరుకునేది, అలాగే పోయింది కూడా. మిగిలింది ఒక్క ఫొటో. అరటి తోట పక్కన మిద్దె ఇల్లు, దాని ముందు అవ్వ, అవ్వ చంకలో మూడేళ్ల ఒమానీ పిల్ల. ఆ ఫొటో పెద్దమ్మ దగ్గరుండేది. "ఆ పిల్ల బుగ్గలు చూడు పాపా. మా యమ్మ తినిపిచ్చినవే. నేను మీ అమ్మకు జడేస్తాంటే, మా యమ్మ ఆడ ఈ పిల్లకు జడేస్తాంటాదని లెక్కేసుకుంటాంటి. దీన్ని ఎంత తిట్టుకున్న్యానో" అంది.

"ఇప్పుడు కనిపిస్తే ఏమంటావు?" అని అడిగాను.

"ఏమీ అనను. ఒక్కటే అడగాల. మేం మా యమ్మకు గ్యాపకం వస్తాంటిమా లేదా అని. ఆ పిల్లకే తెలుసు, ఇంకెవురికీ తెలీదు."

వాళ్ల తిరుగుడంతా దేనికోసమో నాకు అప్పుడర్థమైంది. ఆ తర్వాతి వానలకు వాళ్లిద్దరూ సలాలా వెళ్లారు. అక్కడ ఆ తుంపర్ల కాలాన్ని ఖరీఫ్ అంటారు. కొండలు పచ్చబడతాయి, ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. వీళ్లు కొండలు చూడలేదు. రోడ్డు పక్కన కొబ్బరిబోండాలు, అరటిగెలలు అమ్మేవాళ్లకు ఫొటో చూపిస్తూ నాలుగు రోజులు తిరిగారు. పాతకాలపు మనిషి ఒకాయన ఫొటోలోని పిట్టగోడను గుర్తుపట్టి దారి చెప్పాడట. పెద్దనాన్న బండి ఆపి ఇంజన్ దగ్గరేదో చూసుకుంటుండగా పెద్దమ్మ ఒక్కతే వెళ్లి పది నిమిషాల్లో తిరిగొచ్చింది. "ఈ ఇల్లు కాదు. పోదాం పా" అంది. ఆయన నమ్మాడు.

అసలు సంగతి ఆమె నాకొక్కదానికే చెప్పింది. ఆ నెల్లోనే నా రూమ్‌కొచ్చి, నా తలకు నూనె రాస్తూ, ముఖం కనబడకుండా వెనక కూర్చుని చెప్పింది.

"ఇల్లు అదే పాపా. కాళ్లు వాటంతటవే ఎనక పక్కకు పొయినాయి. వంటింటి తలుపు కొట్టినా. ఒకామె వచ్చింది, నాకంటే చిన్నది. చూస్తానే తెలిసింది, అవే బుగ్గలు. నేను నోరు తెరిచేలోపల, మా ఇంట్లో పనిమనిషి ఉంది, ఇంకో ఇంట్లో అడుగమ్మా అనె. మంచిగానే చెప్పింది. నీల్లు కూడా ఇచ్చింది."

"మరి నువ్వేమన్నావు?"

"ఏమంటా? నీల్లు దాగి, షుక్రన్ చెప్పి వచ్చేసినా. ఇరవై రెండేండ్లు ఎవురన్నా పొమ్మంటే పోవడమే గదా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె మీద, ఆ ఇంటామె మీద, ఎవరి మీదో తెలియదు. వెంటనే వెళ్దాం, ముందు తలుపు కొడదాం, నాకు అరబీ వచ్చు, నేను మాట్లాడతానన్నాను. ఆమె చెయ్యి నా తలమీద ఆగింది. "నువ్వొస్తే కొడతా. ముందర తలుపు నేనొక్కదాన్నే కొట్టల్యాను" అంది. పెద్దనాన్నకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది. అంత దూరం తీసుకెళ్తే ఇంత తెలివితక్కువ పనిచేశానని ఆయన బాధపడతాడని ఆమె బాధ.

మరుసటి ఖరీఫ్‌కు నేను వెళ్లలేదు. సెలవు దొరకలేదని చెప్పాను. నిజానికి అడగలేదు. వెయ్యి కిలోమీటర్లు ఆ పాత బస్సులో ఊగుతూ పోవాలంటే బద్ధకమేసింది. అదే సెలవు వారం రోజుల తర్వాత తీసుకుని, స్నేహితులతో దుబాయ్ వెళ్లొచ్చాను. ఫొటోలు చూపిస్తే పెద్దమ్మ ఒక్కొక్కటే ఓపిగ్గా చూసి, "బాగున్నాయి పాపా. వచ్చే ఏడు పోదాంలే" అంది. ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేది.

ఆ వచ్చే ఏడు ఆమెకు రాలేదు. గుండె నిద్రలోనే ఆగిపోయిందని డాక్టర్లు చెప్పారు. దహనం ఇక్కడే చేశాం. దినాలయ్యాక పెద్దనాన్న గ్యారేజీ రూమ్‌కే తిరిగి వెళ్లాడు. బండి ఎండలో దుమ్ముకొట్టుకుని నిలబడి ఉండేది. జూన్‌లో ఒకరోజు, "ఎవురికన్నా ఇచ్చేస్తా పాపా, నాకెందుకు" అన్నాడు. అప్పుడిక ఆగలేక, ఒట్టు తీసి గట్టున పెట్టి మొత్తం చెప్పేశాను. వంటింటి తలుపు, నీళ్లు, నా దుబాయ్, అన్నీ.

ఆయన నన్ను తిడతాడనుకున్నాను. చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకుంటూ, "ఆ పొద్దు నేను ఇంజన్‌లో తల పెట్టుకోని ఉంటి. ఎనకనే పోయుంటే సరిపొయ్యేది" అన్నాడు. మళ్లీ కాసేపటికి, "సలాలా దాకా అంటే టైర్లు మార్చాల" అన్నాడు.

ఆగస్టులో వెళ్లాం. ఈసారి సెలవు అడిగాను, వెంటనే ఇచ్చారు. అంత తేలిగ్గా ఇచ్చినందుకు నా మీద నాకే అసహ్యమేసింది. రెండు రోజుల దారి. సలాలా కొండలు దిగుతుంటే అద్దం మీద తుంపర మొదలైంది. ఇల్లు తేలిగ్గానే దొరికింది. అరటి తోట సగం పోయి దుకాణాలొచ్చాయి గానీ, పిట్టగోడ అలాగే ఉంది. వీధిలో బండి ఆపాక పెద్దనాన్న చొక్కా గుండీలన్నీ సరిచేసుకుని, నాకంటే ముందు నడిచి, ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. బెల్లు ఆయనే కొట్టాడు.

తలుపు తీసినామెకు యాభై ఏళ్లుంటాయి. నేను సలాం చెప్పి, ఏమీ వివరించకుండా ఫొటో ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూసింది, దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూసింది. అలాగే గడపమీద కూర్చుండిపోయింది. "మా ఆయా" అంది. ఆ ఆయా మనవరాలినని చెప్పాను. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుని, నేనేమీ అడగకముందే మాట్లాడటం మొదలుపెట్టింది.

"నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని అన్నం కలిపేది. మొదటి ముద్ద పళ్లెం అంచున పక్కకు పెట్టేది. అది నాకు పెట్టేది కాదు. ఎవరిదని అడిగితే, ఊళ్లో నా పెద్ద కూతురుంది, చెల్లెలికి తినిపించి తను తినకుండా పడుకుని ఉంటుంది, ఇది దానిది అనేది. నేనెంత ఏడ్చినా ఇచ్చేది కాదు. అన్నీ నాకే ఇచ్చింది, ఆ ఒక్క ముద్ద తప్ప. ఆ కూతురి మీద నాకు చిన్నప్పుడంతా ఎంత కుళ్లో మీకు తెలియదు."

పెద్దనాన్నది గ్యారేజీ అరబీ. అయినా అంతా అర్థమైనట్టుంది, గోడకు చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ఇవి పెద్దమ్మ వినాల్సిన మాటలు. నేను ఒక్క సెలవు చీటీ రాసి ఉంటే ఇదే గడప మీద కూర్చుని వినేది.

ఆమె కళ్లు తుడుచుకుని, మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆ పెద్ద కూతురు వచ్చిందా? మీతో తీసుకొచ్చారా?" అని అడిగింది.

ఆమె మా జవాబు కోసం ఆగలేదు. వీధిలో నిలబడ్డ బండి కంటపడగానే లేచి, తలమీద గుడ్డ సరిచేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా తుంపరలో గేటు దాటింది. కిటికీ అద్దం మీది నీటిని అరచేత్తో తుడిచి, రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకుని, లోపలికి తొంగి చూస్తూ నిలబడింది.