పిన్నిగారు ఏమన్నారు?

మా ఆవిడ పుట్టిందీ పెరిగిందీ భిలాయిలో ఉక్కు ఫ్యాక్టరీ కూలీలుండే క్యాంప్ టూలోనే. చదువంతా హిందీలో. మాట మాత్రం వాళ్ళమ్మ తెచ్చిన శ్రీకాకుళం తెలుగు. తెలుగు అక్షరాలు చూపిస్తే నవ్వేది. "హిందీ అచ్చరాలు తీగమీద బట్టల్లాగ బుద్ధిగా వేలాడతాయి. మీవేటండీ, నేలమీద దొర్లుతున్నాయి?"

అందుకని నేను చదివేవాణ్ణి, ఆవిడ వినేది. ప్లాంటులో, రోలింగ్ మిల్లు మోతలో అరిచి అరిచి నాకు మెల్లగా చదవడం మరుపొచ్చింది. ప్రేమ సన్నివేశం కూడా క్రేన్ డ్రైవరుకి కేకేసినట్టే చదివేవాణ్ణి.

ఇక్కడ తెలుగు పుస్తకం దొరకడం కష్టం. రిటైరయ్యాక, ఫోన్లో ఈ-పుస్తకాలు చదివేవాళ్ళ గ్రూపొకటి దొరికింది. ఎవరో ఒకరు కొత్త పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాస్తారు, నచ్చినవాళ్ళు కొనుక్కుంటారు. నేనూ రాశాను. ఒక్కరూ పలకలేదు. ఓసారి చపాతీలు ఒత్తుతూ ఆవిడన్న మాట రికార్డు చేసి గ్రూపులో పెట్టాను.

"ఏటండీ ఈ రాసినాయన, పది పేజీలు వానే కురిపించేడు! గొడుగేసుకుని వినాలా ఏటి? ఆ ముసిల్ది మట్టుకు బాగుంది. దానికోసం చదవొచ్చు."

ఆ పుస్తకం గ్రూపులో చాలామంది కొన్నారు. అప్పట్నుంచి ఏది వచ్చినా ఒకటే ప్రశ్న: "పిన్నిగారు ఏమన్నారు?" అక్కడ నా పరపతి అంతా ఆవిడకి పతిని కావడమే.

మేం చివర్న మొదలెట్టింది ఓ కొత్తమ్మాయి తొలి నవల. ఆ అమ్మాయీ గ్రూపులోనే ఉంది. కథలో జబ్బుపడ్డ పిల్ల ఒకతి తమ్ముళ్ళకి అన్నం వండిపెడుతూ ఉంటుంది. సగానికి రాగానే మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "ఇవాల్టికి ఆపండి. ఆ పిల్ల బతకాల."

మర్నాడు ఆవిడకే గుండెల్లో నొప్పొచ్చింది. ఆసుపత్రి నుంచి నేనొక్కణ్ణే ఇంటికొచ్చాను.

గ్రూపులో చెప్పలేదు. ఆవిడ ఇంట్లో లేదు, వీధిలో లేదు. అక్కడ మాత్రం ఇంకా ఉంది. చెబితే అక్కడా పోతుంది.

వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. నేను పలక్కపోయేసరికి, పిన్నిగారికి నచ్చలేదనుకున్నారు. ఆ నవల జోలికి ఎవరూ పోలేదు. చివరికి ఆ అమ్మాయి నాకు విడిగా రాసింది: "బాబాయ్, అంత బాగోలేదా? చెప్పండి, ఏమనుకోను. ఇంక రాయడం మానేస్తాను లెండి."

మైకు నొక్కాను. ఇన్నేళ్ళలో మొదటిసారి నా గొంతు మెల్లగా వచ్చింది.

"నచ్చిందమ్మా. సగం విని, ఆ పిల్ల బతకాల అంది. మిగతా సగం వినడానికి ఆవిడ లేదు." ఉండబట్టలేక అడిగాను. "బతుకుతుందా అమ్మా?"

టైపింగ్ అని చాలాసేపు కనిపించింది. ఆగింది. మళ్ళీ కనిపించింది.

"లేదు బాబాయ్."

"పోనీలే. ఆవిడకి తెలీలేదు."

ఆనక గ్రూపులో నేనే రాశాను, పిన్నిగారు లేరని, ఈ పుస్తకం ఆవిడకి నచ్చిందని, కొనుక్కోమని. కొన్నారు. చివరిదాకా చదివి, ఏడ్చామని రాశారు.

నేను సగం దాటలేదు. పుస్తకం తెరిస్తే ఆ పేజీయే వస్తుంది. అక్కడ ఆ పిల్ల ఇంకా ఎసరు పెడుతోంది.