చాయ్ కోసం వెలిగిన లైటు

నా పేరు ఎల్లమ్మ, డెబ్బై దాటాయి. పురానాపూల్ దగ్గర మా ఆయన, నేను, మనవరాలు ఉంటాం. నేను చెప్తుంటే మనవరాలు ఫోన్లో ఈ పోస్టు రాస్తోంది.

ఈ సాయంత్రం మా ఆయనకు ఊపిరాడక ఆటోలో దవాఖానాకు తీసుకుపోతుంటే, వెనక నుంచి పోలీసు బండి ఎర్ర, నీలం లైట్లు తిప్పుకుంటూ వచ్చింది. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందోనని ఆటో సలీం పక్కకు తీశాడు. చక్రం పక్కనున్న మురుగు మోరీలో దిగబడింది. ఆ బండేమో కాస్త ముందు చాయ్ హోటల్ దగ్గర ఆగి, లైటు ఆర్పేసింది.

వెళ్లి పోలీసాయన్ని అడిగాను. "ఎవలు సచ్చిండ్రు బాపూ, గంత తొందరగ వచ్చినవ్?"

"చాయ్ తాగనీకి అమ్మా. లొల్లి చెయ్యకు."

"మా ముసలాయనకు దమ్ము ఆడతలేదు. గా లైటేసుకొని మా ముంగట నడువు."

"గట్ల ఎయ్యొద్దమ్మా. లైటు అర్జెంటు పనికే," అంటూ బిస్కెట్ ముంచుకున్నాడు.

చాయ్ తాగుతున్నవాళ్లే గ్లాసులు పక్కన పెట్టి వచ్చి ఆటోను లేపారు. మా ఆయన ఇప్పుడు దవాఖానాలో ఆక్సిజన్ మీద ఉన్నాడు.

ఆ లైటు కన్నా బరాత్‌లో నెత్తిన మోసే లైట్లు నయం, వాటి వెనక పెళ్లికొడుకైనా ఉంటాడు. మీ గల్లీలో పోలీసు లైటు ఎందుకు వెలుగుతుందో కింద రాయండి, మనవరాలు చదివి వినిపిస్తుంది.

ఫోను మీద ఆనించిన ఈ బొటనవేలే నా నిశాని. సాక్షులు ఆటో సలీం, ఆ చాయ్ హోటల్ నడిపే ఖాజా. అడగకముందే పేర్లిచ్చారు. పోలీసాయన మాత్రం అడిగినా పేరు చెప్పలేదు.